దండ వేశాం సరే, పేజీ తిప్పామా?

ఒక వైశాఖ పూర్ణిమకు పల్నాడులో ఓ ఉపాసకుడి ఇంటికి వెళ్ళాం. ఇల్లు చిన్నది, మర్యాద పెద్దది. గోడకు బాబాసాహెబ్ పటం, పక్కన బుద్ధుడి పటం, వాటి కింద చెక్క బల్ల మీద ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’. పుస్తకానికి తెల్లటి గుడ్డ చుట్టి పైన బంతిపూల దండ వేశారు. ముందు అగరొత్తులు వెలిగించారు. ఆరో తరగతి చదివే మనవరాలు దండ పక్కకు జరిపి గుడ్డ విప్పబోయింది. వంటింట్లోంచి నాయనమ్మ కేకేసింది: “ముట్టుకోకే! కాళ్ళు కడుక్కుని రా ముందు.”

అందరం నవ్వాం. దారిలో బస్సెక్కాక మాకు నవ్వు ఆగిపోయింది. ‘ముట్టుకోకు’ అన్న మాట ఎవరి ఇంట్లో, ఏ పుస్తకం గురించి వినపడింది? చిన్నప్పుడు బడిలో నీళ్ళ కుండను ముట్టుకోనివ్వని మనిషి, ఆ మాటకు జవాబుగా జీవితమంతా ధారపోసి, ఆఖరి రోజుల్లో ఒళ్ళు సహకరించకపోయినా రాసి పూర్తిచేసిన పుస్తకం అది. దాన్ని చదువుకోవలసిన పిల్లకే అది అంటరానిదైంది. నాయనమ్మను తప్పుపట్టడం లేదు. ఆమెకు భక్తి అంటే ఏమిటో వేరేవాళ్ళు నేర్పారు. పుస్తకమంటే ఏమిటో నేర్పవలసిన బాధ్యత మనది. ఆ పని మనం చేయలేదు.

మా సంగతీ చెప్పుకోవాలి. దీక్ష తీసుకున్న కొత్తలో మేము కొన్న ప్రతి ఇప్పటికీ బీరువాలో ఉంది. మొదటి నలభై పేజీల్లో పెన్సిలు గీతలు ఎడాపెడా ఉంటాయి. ఆ తర్వాత చాలా దూరం కాగితం కొత్తది కొత్తగానే ఉంది. మళ్ళీ గీతలు కనిపించేది పదేళ్ళ తర్వాత, ఒక సభలో మాట్లాడమని పిలిస్తే అప్పటికప్పుడు వెతుక్కున్న పేజీల్లో. కాబట్టి ఇక్కడ వేసే నింద మొదట మా మీదే పడుతుంది.

మన సభల్లో ఒక వాదన తరచుగా వినిపిస్తోంది. ‘బాబాసాహెబ్ మనకు ఒకే ఒక గ్రంథం ఇచ్చారు, అది చాలు, మిగతావన్నీ గందరగోళం’ అని. ఇలా అనేవాళ్ళకు ఒక ఆధారం కూడా ఉంది. 1950లో కలకత్తా మహాబోధి పత్రిక వైశాఖ సంచికలో రాసిన వ్యాసంలో ఆయన బౌద్ధులకు చేతిలో పట్టుకు తిరగగలిగే ఒక గ్రంథం కావాలన్నారు. బౌద్ధ వాఙ్మయం సముద్రమంత ఉంది, కొత్తగా వచ్చేవాడు అందులో ఎక్కడ దిగాలో తెలియక ఒడ్డునే నిలబడిపోతున్నాడన్నది ఆయన బాధ. నిజమే. కానీ దిగడానికి మెట్లు కట్టిస్తే మెట్ల మీదే కూర్చుని ఈత వచ్చిందనుకోవడం ఏం న్యాయం?

పైగా ఆ ఒక్క పత్రమే కాదు, తర్వాతిదీ ఉంది. కోర్టులో ఒకే మనిషి రాసిన రెండు పత్రాలు ఉంటే రెండూ కలిపి చదవాలి. మొదటిది చూపించి రెండోది దాచిపెడితే జడ్జి ఊరుకోడు. 1956 ఏప్రిల్ 6వ తేదీతో బాబాసాహెబ్ తన గ్రంథానికి ఒక ముందుమాట రాశారు. ఆయన మరణానంతరం 1957లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల ప్రచురణగా పుస్తకం వచ్చినప్పుడు అందులో ఆ ముందుమాట లేదు. చాలా ఏళ్ళకు, 1980లో, భగవాన్ దాస్ గారు దాన్ని వెలుగులోకి తెచ్చారు. అందులో ఏముంది? ఈ పుస్తకం ఒక్కటే చాలదనీ, బౌద్ధాన్ని సరిగ్గా అర్థం చేసుకోవడానికి మూడు పుస్తకాలు ఒక జట్టుగా ఉండాలనీ ఉంది. మిగతా రెండు బుద్ధుడికీ కారల్ మార్క్స్‌కీ సంబంధించినది ఒకటి, ప్రాచీన భారతదేశంలో విప్లవం, ప్రతివిప్లవం గురించినది మరొకటి. ఆ రెండూ పూర్తికాలేదు. దొరికినంత మేరకు మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రచనల సంపుటాల్లో మూడో సంపుటంగా 1987లో అచ్చయ్యాయి. అంటే మూడు కాళ్ళ పీటలో ఒక కాలు పట్టుకుని దానికి పూజ చేస్తున్నాం.

ఇంకొకటి. అచ్చయిన గ్రంథం మొదట్లోనే ఆయన నాలుగు చిక్కు ప్రశ్నలు పెట్టారు. సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు విడిచాడు? నాలుగు ఆర్యసత్యాలు బుద్ధుడి అసలు బోధలో భాగమేనా? ఆత్మ లేదంటూనే కర్మ, పునర్జన్మ ఎలా? భిక్షువు తన మోక్షం తాను చూసుకునేవాడా, ప్రజాసేవకుడా? ఈ ప్రశ్నలు లేవనెత్తి ఊరుకోలేదు, పరిష్కారంలో పాఠకులూ పాలుపంచుకోవాలని కోరారు. ఏ మతగ్రంథ కర్తయినా తన చదువరిని ఇలా పనికి పిలిచాడా? మనల్ని ఆయన కూలికి కాదు, భాగస్వామ్యానికి పిలిచారు. మనం దండ పట్టుకుని వెళ్ళాం.

అందుకని, మన ఇళ్ళలో లేనివీ, ఉన్నా తెరవనివీ, తెరిస్తే మన వాదనకు ఎముక బలం ఇచ్చేవీ కొన్ని పుస్తకాల గురించి చెబుతాం. ఇది పరీక్షకు సిలబస్ కాదు. మా ఆదివారం బృందంలో గట్టిగా చదువుకుని, పోట్లాడుకుని, కొన్నిచోట్ల అర్థంకాక వదిలేసి, మళ్ళీ పట్టుకున్నవి.

మొదటిది పోకల లక్ష్మీనరసు గారి ‘ది ఎసెన్స్ ఆఫ్ బుద్ధిజం’. ఇంటిపేరు చూడండి, మన ఇంటిపేరే. మద్రాసులో సైన్సు బోధించిన ప్రొఫెసరు. పుస్తకం 1907లో వచ్చింది. 1948లో దాన్ని మళ్ళీ అచ్చువేయించి ముందుమాట రాసింది ఎవరో తెలుసా? బాబాసాహెబ్. బౌద్ధం మీద మంచి పుస్తకం చెప్పమని అడిగేవాళ్ళకు ఆయన చూపించిన పుస్తకం ఇది. అప్పటికి ఆయన సొంత గ్రంథం ఇంకా రాలేదు. అంబేడ్కర్ చెబితే నాగపూర్ నడిచి వెళ్ళిన జాతి మనది. ఆయన పేరుపెట్టి సిఫారసు చేసిన పుస్తకం దగ్గరికి మాత్రం అడుగు వేయలేదు. మేము ఎన్నో సభల్లో అడిగి చూశాం. నరసు గారి పేరు విన్న చెయ్యి ఒకటో రెండో లేస్తుంది.

ఆ పుస్తకంలో బౌద్ధపు హేతుబద్ధత మీద ఒక అధ్యాయం, నీతి మీద ఒకటి, కులం మీద ఒకటి, స్త్రీ మీద ఒకటి ఉన్నాయి. బౌద్ధం నిరాశావాదమనే అపవాదుకు విడిగా జవాబుంది. సైన్సు మాస్టారు రాసిన తీరు కనుక ఆత్మ గురించి మాట్లాడేటప్పుడు కూడా ప్రయోగశాలలో నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది. భాష పాత ఇంగ్లీషు, వాక్యాలు బారెడు. మాకూ మొదటి అధ్యాయం నెల పట్టింది. కానీ 1922లో కులం మీద ఆయన విడిగా రాసిన ‘ఎ స్టడీ ఆఫ్ క్యాస్ట్’ చదివాక అనిపించింది, ‘కుల నిర్మూలన’కు పద్నాలుగేళ్ళ ముందే ఈ నేల మీద ఈ వాదం ఇంత నిక్కచ్చిగా నడిచిందా అని. పాత ముద్రణలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. దొరకలేదనే సాకు లేదు.

నరసు గారితో కలిసి మద్రాసులో బౌద్ధానికి పనిచేసిన అయోతీదాస పండితుడి గురించి కూడా మన తెలుగు సభల్లో మాట వినిపించదు. ఆయన 1898లోనే సింహళం వెళ్ళి పంచశీల తీసుకుని వచ్చారు. 1907లో ‘ఒరు పైసా తమిళన్’ అనే పత్రిక మొదలుపెట్టి, 1914లో కన్నుమూసేదాకా నడిపారు. పత్రిక పేరులోనే వెల ఉంది చూడండి, ఒక్క పైసా. బుద్ధుడి జీవితాన్ని ‘ఆదివేదం’ అని పేరు పెట్టి తమిళంలో రాశారు. ఆ చరిత్ర రచనలో మాకు ఒప్పుదల కాని ఊహలు చాలా ఉన్నాయి. పదాల పుట్టుకల మీద ఆయన కట్టిన కొన్ని మేడలు నిలబడవు. అయినా, నాగపూర్ దీక్షకు సుమారు అరవై ఏళ్ళ ముందు దక్షిణాదిలో అణగారినవాళ్ళు తాము పూర్వ బౌద్ధులమని ప్రకటించుకున్నారన్న సంగతి తెలియకుండా ‘మన ఉద్యమం 1956లో పుట్టింది’ అని ఉపన్యాసాలు ఇవ్వడం మన పెద్దల ఆస్తిని మనమే వదులుకోవడం.

ఇక అసలు విందు. త్రిపిటకం అనగానే మనవాళ్ళు అదేదో భంతేలు పాడే పాళీ పాట అనుకుంటున్నారు. మజ్ఝిమ నికాయంలో 93వ సుత్తం ‘అస్సలాయన సుత్తం’ తెరవండి. పదహారేళ్ళ బ్రాహ్మణ కుర్రాడు, వేదాలు చదివినవాడు, పెద్దలు ఉసిగొల్పితే బుద్ధుడితో వాదానికి వస్తాడు. బ్రాహ్మణులే శ్రేష్ఠులు, బ్రహ్మ నోట్లోంచి పుట్టారు అని వాదం. బుద్ధుడు ఎక్కడా గొంతు పెంచడు. మీ ఆడవాళ్ళు కూడా అందరిలాగే గర్భం దాల్చి కనడం లేదా అని అడుగుతాడు. యవన, కాంబోజ దేశాల్లో యజమాని, బానిస అనే రెండే వర్గాలున్నాయనీ, అక్కడ యజమాని బానిస కావచ్చు, బానిస యజమాని కావచ్చుననీ విన్నావా అని అడుగుతాడు. మంచి కలపను రాపిడి చేసి పుట్టించిన నిప్పుకూ, కుక్క కుడితి తొట్టి చెక్కతో పుట్టించిన నిప్పుకూ వేడిలో తేడా ఉంటుందా అని అడుగుతాడు. కుర్రాడు ఒక్కొక్కటే ఒప్పుకుంటూ ఒప్పుకుంటూ, చివరికి తల దించుకుని కూర్చుంటాడు. క్రాస్ ఎగ్జామినేషన్ ఎలా చేయాలో లా కాలేజీలో మాకు మూడేళ్ళు చెప్పారు. ఈ సుత్తం ఒక్కటి చదివిస్తే సరిపోయేది.

యవన దేశాల ఉదాహరణ దగ్గర మేము చాలాసేపు ఆగాం. కులం ప్రకృతి సిద్ధమనేవాడికి సరిహద్దు దాటి చూడమని చెప్పడం అది. పక్క దేశంలో లేనిది ప్రకృతి ఎలా అవుతుంది? నేడు అమెరికాలో, ఇంగ్లాండులో ఉన్న మన తెలుగువాళ్ళు కులసంఘాలు పెట్టుకుంటున్నారంటే, సరిహద్దు దాటినా చూపు దాటలేదన్నమాట.

దీనికి తోబుట్టువు లాంటిది ‘వజ్రసూచి’. అశ్వఘోషుడి పేరు మీద ఉంది, చైనా అనువాదం మాత్రం ధర్మకీర్తి పేరు చెబుతుంది. ఎవరిదైనా కావచ్చు, సూది మాత్రం వజ్రమే. చిన్న పుస్తకం, ఒక పూటలో అయిపోతుంది. దీని పద్ధతి వకీళ్ళు ఇష్టపడే పద్ధతి. ప్రతివాది దస్తావేజులే తీసి ప్రతివాది మీద వాడుతుంది. సాక్ష్య చట్టంలో ఎదుటివాడి ఒప్పుకోలుకు మించిన సాక్ష్యం తక్కువ కదా. బ్రాహ్మణుడంటే ఎవరు? జీవుడా, పుట్టుకా, శరీరమా, జ్ఞానమా, ఆచారమా, వృత్తా, వేదమా? ఒక్కొక్కటే తీసి, మీ భారతం ఇలా అంది, మీ మనువు ఇలా అన్నాడు, మీ ఋషుల్లో ఫలానావాడు జాలరి స్త్రీ కడుపున పుట్టాడు అంటూ నడుస్తుంది. చివర్లో పనస పండు ఉపమానం వస్తుంది. పనస కొమ్మకూ కాస్తుంది, మానుకూ కాస్తుంది, వేరు దగ్గరా కాస్తుంది. ఎక్కడ కాసినా పనసే కదా, ముఖాన పుట్టినవాడొకటి, పాదాన పుట్టినవాడొకటి ఎలా అవుతారు? ఆవు అడుగు, ఏనుగు అడుగు, గుర్రం అడుగు వేరువేరుగా గుర్తుపట్టొచ్చు, నాలుగు వర్ణాల పాదముద్రల్లో అలాంటి తేడా ఏదీ అని కూడా అడుగుతుంది. గోదావరి జిల్లాల్లో పనసచెట్టు కింద పెరిగిన మనకు ఆ ఉపమానం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఈ పుస్తకం అచ్చయిన కథ ఇంకా చిత్రం. నేపాల్‌లో దొరికిన ప్రతిని బ్రయాన్ హాడ్జ్‌సన్ బయటపెడితే, 1839లో అచ్చువేసినప్పుడు సుబాజీ బాపు అనే పండితుడు రాసిన ఖండన కూడా దానికి జతచేసి మరీ వేశారు. అంటే కులం మీద బౌద్ధుడి ప్రశ్న ఒంటరిగా బయటికి రావడానికి వీల్లేదు, జవాబు వెంట కాపలా రావాలి! మనం మాత్రం దాన్ని ఒంటరిగానూ చదవలేదు, కాపలాతోనూ చదవలేదు.

తర్వాత ‘థేరీగాథ’. భిక్షుణులు చెప్పుకున్న మాటలు. స్త్రీలు తమ పేరు మీద తాము చెప్పుకున్న కవిత్వంలో లోకంలోనే పాతవాటిలో ఒకటి. మన మహిళా సభల్లో యశోధర కన్నీళ్ళు చెబుతారు, గౌతమి బతిమాలిన సంగతి చెబుతారు. పుణ్ణ గురించి ఎవరూ చెప్పరు. పుణ్ణ బానిస. అనాథపిండికుడి ఇంట్లో నీళ్ళు మోసే మనిషి. ఎముకలు కొరికే చలిలో నదికి వెళ్ళేది, ఎందుకంటే వెళ్ళకపోతే యజమానురాలు కొడుతుంది. అక్కడ ఒక బ్రాహ్మణుడు వణుకుతూ మునకలు వేస్తుంటాడు. నేనంటే దెబ్బలకు భయపడి దిగాను, నువ్వు దేనికి భయపడి దిగావయ్యా అని అడుగుతుంది. పాపం కడుక్కోవడానికంటాడు. నీకెవరు చెప్పారీ మాట? అదే నిజమైతే కప్పలూ తాబేళ్ళూ మొసళ్ళూ అన్నీ స్వర్గానికి పోవలసిందే. చంపేవాళ్ళూ దొంగలూ కూడా ఒక మునకతో బయటపడతారు. అయినా నది పాపాన్ని కొట్టుకుపోతే పుణ్యాన్ని మాత్రం నీకోసం ఒడ్డున వదిలిపోతుందా? బ్రాహ్మణుడు ఓడిపోయి తన స్నానవస్త్రం ఇవ్వబోతే పుణ్ణ తీసుకోదు. నీ బట్ట నీ దగ్గరే ఉంచుకో, చెడ్డ పని మానుకో అని దారి చూపించి పంపుతుంది.

ఇరవై మూడు ఇరవై నాలుగు వందల ఏళ్ళ కిందటి నీళ్ళ మనిషి మాట ఇది. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్ళలో అధికులు సామాన్యులు, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు. ఆ రోజు టీవీల్లో ముహూర్తం గురించి చర్చించారు, ఏర్పాట్ల గురించి చర్చించారు. మునక మీద ఒక్కరూ ప్రశ్న వేయలేదు. మనమూ వేయలేదు. మన పత్రికల్లో వ్యాసాలు ప్రభుత్వాన్ని తిట్టాయి, అది సరే. కానీ పుణ్ణ మాట మన చేతిలో ఉండి కూడా వాడలేదు, ఎందుకంటే ఉందని మనకే తెలియదు. 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. మన బంధువుల్లోనే ఎంతమంది వెళ్తారో మనకు తెలుసు. ‘అందరూ వెళ్తుంటే ఎలా అన్నా’ అంటారు. ఆ అన్న దగ్గర జవాబు ఉండాలి, అదీ ఎదుటివాడిని అవమానించని జవాబు. పుణ్ణ ఆ బ్రాహ్మణుణ్ణి ఎగతాళి చేసింది కానీ కించపరచలేదు. మన వక్తలకు ఈ తేడా తెలియడం అవసరం. మైకు దొరికితే చాలు, వినేవాళ్ళ అమ్మానాన్నల నమ్మకాన్ని బూతులు తిట్టి, అదే హేతువాదం అనుకుంటున్నారు.

మాకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గు తెప్పించిన పుస్తకం నాగార్జునుడి ‘రత్నావళి’. నాగార్జున అంటే మన పిల్లలకు సినిమా హీరో, లేకపోతే డ్యాం. నాగార్జునకొండకు లాంచీలో వెళ్ళి ఫొటోలు దిగి వస్తాం. ఆయన రాసినది ఏదైనా ఇంట్లో ఉందా అంటే లేదు. ఉన్నా శూన్యవాదం కష్టమని పక్కన పెడతాం. ‘మూలమధ్యమక కారిక’ కష్టమే, ఒప్పుకుంటాం. ‘రత్నావళి’ కష్టం కాదు. ఐదు అధ్యాయాలు, సుమారు 500 శ్లోకాలు. శాతవాహన రాజుకు రాసినదని సంప్రదాయం. సంస్కృత మూలం కొంతే మిగిలింది, 1930లలో టూచ్చి దాన్ని ప్రకటించారు. మొత్తం గ్రంథం టిబెటన్‌లో భద్రంగా ఉంది. అంటే మన నేల రాజుకు చెప్పిన మాటను హిమాలయాలకు అవతలివాళ్ళు దాచిపెట్టారు.

అందులో తత్త్వం ఉంది. దానితోపాటు పరిపాలన ఉంది. పంట పోయిన రైతుకు విత్తనాలూ తిండీ ఇవ్వమంటాడు. పన్నుల బరువు తగ్గించమంటాడు. గుడ్డివాళ్ళకు, రోగులకు, దిక్కులేనివాళ్ళకు అన్నం ఆగకూడదంటాడు. ఇక ఖైదీల గురించి. బలహీనులైన ఖైదీలను రోజూ గానీ ఐదు రోజులకొకసారి గానీ విడిచిపెట్టమంటాడు. మిగతావాళ్ళను కూడా ఎప్పటికీ బయటపడని విధంగా ఉంచవద్దంటాడు. విడిచిపెట్టేదాకా వాళ్ళకు మంగలి, స్నానం, అన్నపానాలు, మందులు, బట్టలు అందాలంటాడు. దారితప్పిన కొడుకును తండ్రి దండించినట్టు బాగుపడాలనే కోరికతో శిక్షించు, ద్వేషంతోనో డబ్బు కోసమో కాదంటాడు. హంతకుణ్ణయినా చంపకుండా, హింసించకుండా దేశం నుంచి పంపెయ్యమంటాడు.

మేము పదిహేనేళ్ళుగా జైళ్ళకు వెళ్తున్నాం, బెయిలు వచ్చినా పూచీకత్తు ఇచ్చే దిక్కులేక లోపలే ఉండిపోయిన మనుషుల కోసం. ఎవరా మనుషులు అని మీరు అడగనక్కరలేదు, మన పేటల పేర్లే వినిపిస్తాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్ళు. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షను, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బాండు మీద వదలమంటోంది, కొన్ని నేరాలకు మినహాయింపులతో. మంచిదే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ సెక్షను చదువుతున్నప్పుడు మాకు నాగార్జునుడి ఐదు రోజులు గుర్తొచ్చాయి. జైలు సంస్కరణ అంటే పాశ్చాత్యుల ఆలోచన అని మేము ఎన్నో శిక్షణ శిబిరాల్లో చెప్పాం. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట కృష్ణ ఒడ్డు రాజుకు ఈ మాట రాసిపెట్టారని తెలియకుండా చెప్పాం. సిగ్గు అన్నది అందుకే.

ఆ రాజుకే రాశాడని చెప్పే మరో ఉత్తరం ‘సుహృల్లేఖ’. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఈ దేశంలో పిల్లలు చదువు మొదలుపెట్టగానే దాన్ని కంఠస్థం చేస్తారని రాసుకున్నాడు. మన పిల్లలకు ఇప్పుడు ఏం కంఠస్థం చేయిస్తున్నామో చెప్పనక్కరలేదు.

ధర్మానంద కోశాంబి గారి పుస్తకాలు రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళ్తాం. గోవా మనిషి, బౌద్ధం నేర్చుకోవడానికి ఇల్లు విడిచి సింహళం, బర్మా తిరిగారు. సిద్ధార్థుడు ముసలివాణ్ణీ రోగినీ శవాన్నీ చూసి వెళ్ళిపోయాడన్న కథను పక్కనపెట్టి, సుత్తనిపాతంలోని అత్తదండ సుత్తం ఆధారంగా శాక్య, కోలియుల నడుమ రోహిణీ నది నీళ్ళ తగాదాను ముందుకు తెచ్చింది ఆయనే. బాబాసాహెబ్ గ్రంథంలో మనం చదివే గృహత్యాగ కథకు ఆ దారి ఉంది. నీళ్ళ కోసం ఇరుగుపొరుగు కత్తులు దూసుకునే చోట యుద్ధానికి ఓటు వేయనన్నవాడు ఇల్లు విడవాల్సి వచ్చింది. కృష్ణ నీళ్ళ వాటాల మీద రెండు తెలుగు రాష్ట్రాల్లో టీవీ చర్చలు చూసేవాళ్ళు ఆ సుత్తం ఒకసారి చదివితే బాగుండు.

ఇక్కడ ఒక చేదు మాట. బౌద్ధులైపోతే కులం పోతుందని మనలో కొందరు నమ్ముతారు. మలలశేఖర, జయతిలక అనే ఇద్దరు సింహళ పండితులు 1958లో యునెస్కో కోసం బౌద్ధమూ జాతి సమస్యా అన్న విషయం మీద చిన్న పుస్తకం రాశారు. సిద్ధాంతం ఎంత స్పష్టంగా ఉందో అందులో తెలుస్తుంది. కానీ అదే దేశంలో సియం నికాయం గొవిగమ కులస్థులకే ఉపసంపద ఇస్తుంది. సిద్ధాంతం పుస్తకంలో భద్రంగా ఉండగానే సంఘంలో కులం కూర్చుంది. మన మాల బౌద్ధులూ మాదిగ బౌద్ధులూ వేరువేరు విహారాలు కట్టుకుంటున్న ఊళ్ళు మాకు తెలుసు. అస్సలాయన సుత్తం బ్రాహ్మణుల కోసమే అనుకున్నామా?

సాకుల దగ్గరికి వద్దాం. కూలికి వెళ్ళి వచ్చేవాళ్ళకు ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అంటారు. ఈ మాట అనేవాళ్ళు ఎప్పుడూ కూలివాళ్ళు కారు, ఉద్యోగులు. మా ఆదివారం బృందంలో పారిశుద్ధ్య కార్మికురాలు ఒకామె ఉంది. చదువు రాదు. సునీతుడు వాడిపోయిన పూలు ఊడ్చే పనివాడని థేరగాథలో విన్న రోజు, “ఇంకోసారి చదవండి సార్” అని మూడుసార్లు చదివించుకుంది. వినేవాళ్ళు ఉన్నారు, చదివి వినిపించేవాళ్ళే లేరు.

డబ్బు లేదంటారు. ఏప్రిల్ 14కు మన పేటలో ఫ్లెక్సీలు ఎన్ని కట్టాం? డీజేకు ఎంత పోశాం? నాలుగు ఫ్లెక్సీలు తగ్గిస్తే రచనల మూడో సంపుటం వస్తుంది. ఫ్లెక్సీలో మన మొహం ఉండదు, అదొక్కటే నష్టం.

భాష రాదంటారు. ఇది మాత్రం నిజమైన ఇబ్బంది. కానీ ఇది సాకు కాదు, పని. నరసు గారి పుస్తకం మంచి వాడుక తెలుగులో ప్రతి విహారానికీ చేరాలి. ఇన్ని లక్షల మంది చదువుకున్నాం, ఇంగ్లీషు మాస్టార్లు ఉన్నారు, ప్రొఫెసర్లు ఉన్నారు. రిటైరైన ఒక్కొక్కరు ఒక్కొక్క అధ్యాయం పంచుకున్నా ఏడాది పని. విహారానికి గోపురం ఎత్తు పెంచే కమిటీలో ఉన్న పేర్లలో సగం ఈ కమిటీలోకి రావచ్చు.

ఇంకొక సాకు తెలివైనది. కాలామ సుత్తంలో బుద్ధుడే గ్రంథాలను నమ్మవద్దన్నాడు కదా అంటారు. వాట్సాప్‌లో తిరిగే ఆ నాలుగు ముక్కలు తప్ప సుత్తం పూర్తిగా చదివినవాడు ఆ మాట అనడు. పుస్తకంలో ఉంది కనుక నమ్మవద్దన్నాడు, పుస్తకం చదవవద్దనలేదు. ఆ వెంటనే లోభం, ద్వేషం, మోహం మనిషికి మేలా కీడా అని కాలాములనే అడిగి వాళ్ళ చేతే తేల్పించాడు. పరీక్షించి చూడమన్నవాణ్ణి చదవవద్దన్నవాడిగా మార్చడం మామూలు తెలివి కాదు.

మహారాష్ట్రలో ఆషాఢ పూర్ణిమ నుంచి ఆశ్వయుజ పూర్ణిమ దాకా వర్షావాసం మూడు నెలలూ విహారాల్లో, ఇళ్ళలో బాబాసాహెబ్ గ్రంథాన్ని రోజూ కొంత గట్టిగా చదువుతారు. ఈసారి ఆషాఢ పూర్ణిమకు మేము మా పేట విహారంలో అస్సలాయన సుత్తంతో మొదలుపెడుతున్నాం. తర్వాత పుణ్ణ, ఆ తర్వాత వజ్రసూచి, భాద్రపదంలో రత్నావళి నాలుగో అధ్యాయం. తెలుగు చేసిన భాగాలు జిరాక్సు తీసి పెట్టాం, పదహారేసి పేజీలు. వచ్చేవాళ్ళు రండి. పల్నాడులో ఆ ఇంటికి కూడా ఒక ప్రతి పంపాం, మనవరాలి పేరు మీద. గుడ్డ చుట్టవద్దని నాయనమ్మకు ఫోన్ చేసి చెప్పాం. “చుట్టకపోతే దుమ్ము పడుద్ది గదయ్యా” అంది. రోజూ తెరిస్తే పడదమ్మా అన్నాం. చూద్దాం.